అమావాస్య, పౌర్ణమి క్రతువులకు ఒరాకిల్ కార్డులు: ఏవి కొనాలి, ఎలా వాడాలి

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. మొదటిసారి ఒరాకిల్ కార్డులు (బొమ్మ చూసి జోస్యం చెప్పే, ఆలోచించుకునే కార్డులు) కొంటున్నారు, బంగారు అంచులున్న మూన్ డెక్ (చంద్రుడి దశల కార్డుల కట్ట) తీసుకోవాలా, పక్షుల బొమ్మల డెక్ తీసుకోవాలా తేల్చుకోలేకపోతున్నారు. కొన్నాక న్యూ మూన్‌కీ ఫుల్ మూన్‌కీ వాటితో ఏం చేయాలో తెలియదు. పైగా అమావాస్య పూట కొత్తది ఏదీ మొదలుపెట్టొద్దని గుంటూరు నుంచి అమ్మ చెబుతున్నారు, డాలస్‌లో మీరు చదివే పుస్తకాలేమో సరిగ్గా ఆ రోజే మొదలుపెట్టమంటున్నాయి. చాలా ఏళ్లుగా ఈ కార్డులు వాడుతున్నాను, కొత్తవాళ్లకు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతుంటాను. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ముందు అసలు మాట. నెల మొదట్లో తీసిన కార్డును పౌర్ణమి రాత్రి మళ్లీ ఎదురుగా పెట్టుకుని చూడాలి, ఈలోపు ఏం జరిగిందో దాని పక్కన రాసుకోవాలి. చంద్రుడి క్రతువులో కార్డులకున్న పని ఇదే. కార్డు తీయడం రెండు నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని రెండు వారాలపాటు మనసులో పెట్టుకుని తిరగడమే కష్టం, ఫలితం కూడా అందులోనే ఉంది. డెక్ ఎంపిక కూడా దీన్నిబట్టే చేసుకోవాలి. రెండోసారి చూసినప్పుడు కొత్తగా ఏమీ కనిపించని కార్డుతో ఈ పని సాగదు.

టారో అనే మరో రకం జోస్యం కార్డులకీ ఒరాకిల్‌కీ తేడా తెలుసుకుంటే కొనడం తేలికవుతుంది. టారోలో 78 కార్డులు, అందులో 22 ముఖ్యమైనవి (మేజర్), 56 మామూలువి (మైనర్). ఎవరు అచ్చువేసినా ఈ వరస దాదాపు మారదు. ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే టారో బొమ్మలు 1909లో లండన్‌లో వచ్చిన డెక్‌వి, పమేలా కోల్‌మన్ స్మిత్ గీసినవి. లెనోర్మాండ్ అని ఇంకోటుంది, 36 కార్డులు. న్యూరెంబర్గ్‌లో 1799 ప్రాంతంలో యోహాన్ కాస్పర్ హెక్టెల్ తయారుచేసిన పాచికల ఆట దీనికి మూలం. పారిస్‌లో జోస్యానికి పేరుమోసిన మదమ్వాజెల్ లెనోర్మాండ్ 1843లో చనిపోయాక ఆమె పేరు దీనికి తగిలించారు. వీటిలో చంద్రుడి స్థానం కూడా ఖాయం: టారోలో 18వ కార్డు, లెనోర్మాండ్‌లో 32వది. ఒరాకిల్ డెక్‌కు ఇలాంటి కట్టుబాటేమీ లేదు. ఎన్ని కార్డులు, ఏ బొమ్మలు, ఏ అర్థాలు అన్నది తయారుచేసినవాళ్ల ఇష్టం. నలభై నాలుగుతో వచ్చేవి చాలా ఉన్నాయి, ముప్పై ఆరుతోనూ అరవై పైనా కూడా ఉన్నాయి. అంటే మీరు కొనేది ఒక మనిషి చూపును. ఆ చూపు మీకు నచ్చాలి, కొన్నేళ్లపాటు దానితో మాట్లాడాలని అనిపించాలి. మన బజార్లలో చిలక తీసే కార్డులు కూడా ఈ కుటుంబానివే. చిలక ముక్కుతో కార్డు లాగడం పైకి కనిపించే వేడుక. బొమ్మనూ ఎదుటి మనిషి ముఖాన్నీ కలిపి చదవడం జోస్యుడి విద్య. మీకూ కావలసింది ఆ చదివే నేర్పే. కాకపోతే మీ ముఖాన్ని మీరే చదువుకోవాలి.

ఇక ఎంపిక. డెక్‌లోని కార్డుల ఫోటోలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కనీసం పది పన్నెండు చూడండి. ఒక్కో బొమ్మను అరనిమిషం చూశాక కళ్లు మూసుకుని అందులో ఏమేం ఉన్నాయో చెప్పుకోండి. రెండు వస్తువులు కూడా చెప్పలేకపోతే ఆ బొమ్మలో సరుకు లేదు. వెలుగు, పువ్వులు, మధ్యలో పెద్ద అక్షరాలతో "నమ్మకం" అని ఉన్న కార్డు ఆ పూటకు హాయిగానే ఉంటుంది, పౌర్ణమికి మళ్లీ చూస్తే మాత్రం అదే "నమ్మకం" కనిపిస్తుంది. కార్డు మీద మాట ఉండకూడదని కాదు. ఆ మాటకంటే బొమ్మ ఎక్కువ చెప్పాలి.

రెండోది, డెక్‌లో చీకటి కార్డులు కూడా ఉండాలి. దుఃఖం, కోపం, ఆగిపోవడం, పోగొట్టుకోవడం వీటిలో ఒక్కటీ లేని డెక్ మనిషికి సగం జీవితాన్నే చూపిస్తుంది. క్షీణించే చంద్రుడి రోజుల్లో అలాంటి డెక్ నోరు మెదపదు. మూడోది, పెట్టెతో వచ్చే చిన్న పుస్తకం. ఒక్కో కార్డుకు ఒక పేజీ వివరణ, చివర ఒక ప్రశ్న ఉంటే మంచి పుస్తకం. "ఈ నెలలో ధనలాభం" తరహాలో ఉంటే వదిలేయండి.

మూన్ డెక్‌ల మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మొదటి డెక్‌గా అవి వద్దు. "ఫుల్ మూన్ ఇన్ టారస్" (వృషభంలో పౌర్ణమి), "వేనింగ్ మూన్" (క్షీణచంద్రుడు) అని కార్డుల మీదే ఉంటుంది. ఆకాశంలో చంద్రుడు ఏ దశలో ఉన్నాడో మీకు తెలుసు, ఈ నెల మీ బతుకు ఏ దశలో ఉందో చూపించే కార్డు కావాలి. శుక్ల పక్షంలో కూర్చుని క్షీణచంద్రుడి కార్డు తీస్తే కొత్తవాళ్లు అయోమయంలో పడతారు. రాశుల తిరకాసు కూడా ఉంది. ఆ డెక్‌లు పాశ్చాత్యుల సాయన రాశులను (విషువత్తు నుంచి లెక్కపెట్టేవి) వాడతాయి, మన పంచాంగం నిరయనం (నక్షత్రాలను బట్టి లెక్కపెట్టేది). రెండింటికీ ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా. 2025 కార్తీక పౌర్ణమికి పాశ్చాత్య లెక్కలో చంద్రుడు వృషభంలో ఉంటే, మన లెక్కలో మేషంలో, భరణి నక్షత్రంలో ఉన్నాడు. రెండూ కలిపి చదవబోతే ఏదీ అర్థం కాదు. కాబట్టి మీరు చూపించిన రెండింటిలో పక్షుల డెక్ తీసుకోండి. బొమ్మల్లో గాలి, నీరు, చెట్టు, వేట, గూడు అన్నీ ఉన్నాయి, రాబందు కూడా ఉంది. బంగారు అంచుల కార్డులు మొదట్లో ఒకదానికొకటి అతుక్కుంటాయి, పోను పోను ఆ పూత వేళ్లకు రాలుతుంది.

దేవతల డెక్‌ల గురించి కూడా చాలామంది అడుగుతారు. గ్రీకు, ఈజిప్టు దేవతల పక్కన లక్ష్మి, కాళి, సరస్వతి ఉండే డెక్‌లు అమెరికాలో బాగా అమ్ముడవుతాయి. శుక్రవారం లక్ష్మీపూజ చూస్తూ పెరిగిన మనిషికి ఆ కార్డు రాగానే పుస్తకంలోని "సమృద్ధి" కంటే ముందు ఇంట్లో వెలిగించిన దీపం గుర్తొస్తుంది. అది బలమే. అయితే కాళిని ఒట్టి విధ్వంసంగా రాసిన పుస్తకాలున్నాయి, అవి చదివితే మీ మనసు నొచ్చుకుంటుంది. కొనేముందు ఆ ఒక్క కార్డు వివరణ చదివి చూడండి, డెక్ ఎలాంటిదో తెలిసిపోతుంది.

నకిలీలు బాగా పెరిగాయి. అసలు ధరలో నాలుగో వంతుకు దొరుకుతోందన్నా, చిన్న పుస్తకం బదులు పెట్టెలో క్యూఆర్ కోడ్ ఉందన్నా అనుమానించండి. రంగులు మసకగా ఉంటాయి, అంచులు వంకరగా కోస్తారు, గీసినవాళ్లకు పైసా వెళ్లదు. మొదటి డెక్ ఎవరైనా బహుమతిగా ఇస్తేనే పనిచేస్తుందన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. పట్టించుకోకండి, మీ డబ్బుతో మీరే కొనుక్కోండి.

ఇప్పుడు అమ్మగారి మాట. పౌర్ణమి కూడికలు ఇప్పటి రూపంలో ఇంగ్లండులోని విక్కా అనే ఆధునిక ప్రకృతి ఆరాధన సంప్రదాయం నుంచి వచ్చాయి. జెరాల్డ్ గార్డనర్ 1950లలో దాన్ని బయటి ప్రపంచానికి పరిచయం చేశాడు. న్యూ మూన్‌కు సంకల్పాలు రాసుకోవడం తర్వాతి కాలంలో న్యూ ఏజ్ అనే పాశ్చాత్య ఆధ్యాత్మిక ధోరణిలోని జ్యోతిషం వైపు నుంచి బాగా వ్యాపించింది. ఆ పుస్తకాలు చాలావరకు ఒక నియమం చెబుతాయి: సరిగ్గా న్యూ మూన్ అయిన క్షణం దాటాకే సంకల్పం రాయాలి, ముందు రాయకూడదు. ఆ క్షణం మన పంచాంగంలో ఏమిటో తెలుసా? సూర్యచంద్రుల మధ్య ప్రతి 12 డిగ్రీలకూ ఒక తిథి. ఇద్దరూ ఒకే చోట కలిసిన క్షణానికి అమావాస్య ముగిసి పాడ్యమి మొదలవుతుంది. క్యాలెండర్లలో న్యూ మూన్ అని వేసే సమయం అదే. అంటే పుస్తకం మాట ప్రకారం నడిచినా మీరు మొదలుపెట్టేది శుక్ల పాడ్యమిలోనే, అమావాస్యలో కాదు. అమ్మకూ పుస్తకానికీ తగువు లేదు.

అయినా నేను పాడ్యమి నాడు కూడా మొదలుపెట్టమనను. నెలవంక కంటికి కనిపించిన సాయంత్రం మొదలుపెట్టమంటాను. విదియ నాడు పడమర వైపు, సూర్యుడు అస్తమించిన కాసేపటికి సన్నగా కనిపిస్తాడు. ఆ రోజు మబ్బు పట్టినా బెంగలేదు, విదియ నాడు కనపడనివాడు తదియ నాడు తానే కనపడతాడు. నెలవంకను చూసి చీర కొంగులోంచి ఒక పోగు తీసి చంద్రుడికి సమర్పించే అలవాటు మన పెద్దవాళ్లకు ఉండేది. మీకు ఇష్టమైతే కార్డు తీసేముందు అదే చేయండి, ఇంతకంటే చక్కటి ఆరంభం ఏ గైడ్‌బుక్‌లోనూ నాకు కనిపించలేదు. ఒక్క భాద్రపదంలో మాత్రం జాగ్రత్త. విదియ, తదియల్లోనే ముగించండి, చవితి దాకా లాగితే వినాయక చవితి చంద్రుణ్ని చూశావని మళ్లీ అమ్మ దిగులుపడతారు. అమావాస్య రాత్రికి కార్డులు ముట్టకండి. పాత నెల నోటుపుస్తకం చదువుకోండి, చాలు.

తేదీల దగ్గర ఇంకో చిక్కు. పౌర్ణమి క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, గడియారాలే వేరు. పైన చెప్పిన 2025 కార్తీక పౌర్ణమి గుంటూరులో నవంబరు 5 సాయంత్రం 6.49కి పూర్తయింది, అప్పుడు డాలస్‌లో ఉదయం 7.19. ఇండియా నుంచి వాట్సాప్‌లో వచ్చిన పంచాంగం చూసి డాలస్‌లో ముహూర్తం పెట్టుకోకండి, మీ ఊరికి లెక్కగట్టినది చూడండి. నిమిషాల కోసం తెల్లవారుజామున అలారం పెట్టుకోనక్కర్లేదు కూడా. పౌర్ణమికి ముందు రాత్రి, తర్వాతి రాత్రి కూడా చంద్రుడు కంటికి నిండుగానే ఉంటాడు. సూర్యాస్తమయం వేళకు తూర్పున ఉదయిస్తాడు, పని ముగించుకుని వచ్చి కూర్చోవడానికి అదే మంచి సమయం.

కార్డు తీసే పద్ధతిలో ఎక్కువమంది తప్పు చేసేది కలపడంలో. మామూలు పేకను రెండు భాగాలు చేసి చివర్లు దూర్చి కలిపితే 52 ముక్కలు బాగా కలవడానికి ఏడుసార్లు కావాలని 1992లో బేయర్, డయాకోనిస్ అనే గణితజ్ఞులు చూపించారు. ఒరాకిల్ కార్డులు పెద్దవి, మందమైనవి, అలా దూరవు. చేతిలో పైనుంచి కిందికి జారవిడిచే పద్ధతిలో చాలా నెమ్మదిగా కలుస్తాయి. అందుకే కిందటి నెల పైన పెట్టిన కార్డే మళ్లీ వస్తుంది, "విశ్వం నాకేదో చెబుతోంది" అనుకుంటారు. శుభ్రమైన నూలు గుడ్డ పరిచి, కార్డులన్నీ బోర్లించి, రెండు అరచేతులతో నేల మీదే గుండ్రంగా కలియబెట్టండి. తర్వాత పోగుచేసి, ఎడమ చేత్తో కోసి, పైది తీయండి. ఇంత బాగా కలిపాక కూడా ఒక కార్డు వెంటపడుతుంటే అప్పుడు దాని గురించి తీరిగ్గా ఆలోచించండి.

నెలవంక నాడు ఒక్క కార్డే. మూడు, ఐదు, పది కార్డులు పరిచే స్ప్రెడ్‌ల జోలికి పోకండి, రెండు వారాలు మోయడానికి ఒకటే చాలినంత బరువు. తీయగానే పుస్తకం తెరవొద్దు. బొమ్మలో మొదట కంటికి తగిలింది ఏమిటి, అది చూడగానే ఎవరు గుర్తొచ్చారు, ఏ పని గుర్తొచ్చింది, ఇవి నాలుగు లైన్లు రాసుకోండి. ఆ తర్వాతే పుస్తకం చదవండి. చివర సంకల్పంగా ఒక వాక్యం రాయండి, అది మీ చేతిలో ఉన్న పని గురించే ఉండాలి. "ప్రమోషన్ రావాలి" మీ చేతిలో లేదు. "ఈ పక్షంలో మేనేజర్‌తో కూర్చుని మాట్లాడతాను" ఉంది. కార్డు తలకిందులుగా వస్తే నిటారుగా తిప్పుకోండి, చాలా ఒరాకిల్ డెక్‌లకు తలకిందుల అర్థాలే రాయరు. నచ్చని కార్డు వస్తే తిరిగి పెట్టి ఇంకోటి తీయడం మాత్రం చేయొద్దు. ఆ అలవాటు ఒక్కసారి పడితే క్రతువు అక్కడితో ముగిసినట్టే.

శుద్ధ అష్టమికి సగం చంద్రుడు సాయంత్రానికే నడినెత్తికి వస్తాడు. ఆ రోజు కొత్త కార్డు తీయకుండా, రాసిన వాక్యానికి ఎంత దూరం వచ్చారో చూసుకోండి. ఐదు నిమిషాలు చాలు.

పౌర్ణమి రాత్రే అసలు కూర్చోవడం. పాత కార్డును డెక్‌లోంచి వెతికి తీసి ఎదురుగా పెట్టండి. ముందు రాసింది చదవకండి. బొమ్మను కొత్తగా చూడండి, ఇప్పుడేం కనిపిస్తోందో రాయండి, ఆ తర్వాత వెనక్కి తిప్పి పాత పేజీతో పోల్చండి. నేను నేర్పిన ఒకావిడకు నెలవంక నాడు కొంగ కార్డు వచ్చింది. నీళ్లలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, వెనక పొగమంచు, పుస్తకంలో అర్థం "ఓర్పు". ఆవిడ కొన్ని నెలలుగా ఒక ఉద్యోగానికి దరఖాస్తు సిద్ధం చేసి పంపకుండా ఉంచుకుంది. "ఇంకా సమయం రాలేదు" అని రాసుకుంది. పౌర్ణమికి అదే కార్డు మళ్లీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. కొంగ కాలి పక్కనే, నీటి గీతల్లో కలిసిపోయి, వెండి రంగు చేప ఒకటుంది. కొంగ చూపు సరిగ్గా దాని మీదే ఉంది. మొదటిరోజు ఆ చేప ఆవిడ కంటికి ఆనలేదు, నేను కూడా చూపించలేదు. దరఖాస్తు ఆ రాత్రే పంపింది. ఉద్యోగం వచ్చిందా లేదా అన్నది వేరే కథ, పంపడమే ఆవిడ చేతిలో ఉన్నది.

ఇలా చూశాకే రెండో కార్డు తీయండి, పాతదాని పక్కన పెట్టండి. రెండింటినీ కలిపి ఒక వాక్యం చెప్పగలిగితే చాలు. పౌర్ణమి నాడే పాతవన్నీ వదిలేయాలని చాలా పుస్తకాల్లో ఉంటుంది. నేను ఒప్పుకోను. నిండుగా వెలుగున్న రాత్రి చూడటానికి, థాంక్స్ చెప్పుకోవడానికి. వదిలేయడం బహుళ పక్షంలో, అష్టమి దాటాక పెట్టుకోండి. అప్పుడు చంద్రుడు అర్ధరాత్రి దాటితే గానీ రాడు, మనసు కూడా ఆ పనికి సిద్ధంగా ఉంటుంది. వదిలేయాల్సింది కాగితం మీద రాసి కాల్చమంటారు. అపార్ట్‌మెంట్‌లో స్మోక్ అలారం మోగుతుంది, టెక్సస్‌లో ఎండలు ముదిరాక చాలా కౌంటీల్లో బయట మంట పెట్టడమే నిషేధం. ముక్కలుగా చింపి నీళ్లలో నానబెట్టి కుండీ మట్టిలో కలిపేయండి.

అడగకూడనివి కొన్నున్నాయి. డాక్టరు రిపోర్టు ఎలా వస్తుంది, కేసు గెలుస్తామా, ఫలానా షేరు కొనాలా, భర్త మనసులో ఏముంది: వీటికి కార్డు దగ్గర జవాబు లేదు. ఎవరైనా డబ్బు తీసుకుని వీటికి కార్డులతో జవాబు చెబుతామంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఇంట్లో చావు జరిగిన తొలి రోజుల్లో, నిద్ర పట్టని ఆందోళనలో ఉన్నప్పుడు కూడా డెక్ పక్కన పెట్టండి. అప్పుడు మనిషి తోడు కావాలి, అవసరమైతే కౌన్సెలర్ కావాలి. నెలసరి రోజుల్లో ముట్టుకోవచ్చా అని చాలామంది మొహమాటంగా అడుగుతారు. ఈ కార్డులు పుట్టిన సంప్రదాయంలో అలాంటి నిషేధమేదీ లేదు.

కార్డుల శుద్ధి పేరుతో వాటిని పాడుచేసుకునేవాళ్లు చాలామంది. ఉప్పులో పాతిపెడితే తేమ పీల్చి ఉబ్బుతాయి. వెన్నెల్లో పెట్టాలనిపిస్తే కిటికీ లోపలివైపు పెట్టండి, ఆరుబయట మంచు పడితే తెల్లారేసరికి కార్డులు విల్లులా వంగుతాయి. అమెరికాలో శుద్ధికి పొగ వేయడానికని తెల్ల సేజ్ ఆకు కట్టలు అమ్ముతారు. అది దక్షిణ కాలిఫోర్నియాలో పెరిగే మొక్క, అక్కడి ఆదివాసులకు పవిత్రం, వ్యాపారం కోసం అడవిలోంచి దొంగతనంగా కోసుకుపోతున్నారు. మీకు దాని అవసరం లేదు, ఇండియన్ స్టోర్‌లో సాంబ్రాణి దొరుకుతుంది. పొగ కార్డులకు మరీ దగ్గరగా పట్టకండి, జిడ్డు పేరుకుంటుంది. కర్పూరమైతే అసలే వద్దు, మసి అంటితే పోదు. మామూలు రోజుల్లో పొడి చేతులతో ముట్టుకుని, నూలు గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి పుస్తకాల అరలో ఉంచితే చాలు.